దించే దారి

“కుదరదు సార్. ఆకాశంలో ఆయుధం పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే,” అంది ఇంజినీరు, పెన్ను బల్లమీద పడేసి.

బల్లకు అవతలున్న సైన్యాధికారి ముఖంలో ఏ మార్పూ లేదు. ఆయన పక్కన కూర్చున్న డైరెక్టరు మాత్రం కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఆయన ఆమెకు సారు. గేటు దాటితే సొంత మేనమామ.

“ఎందుకు కుదరదో చెప్పండి మేడమ్. మొహమాటపడకండి,” అన్నాడు అధికారి.

“ఉపగ్రహం కాపలావాడిలా ఒకచోట నిలబడదు సార్. భూమి చుట్టూ పరుగెడుతూనే ఉంటుంది. మీకు అవసరం పడిన క్షణానికి అది ఏ సముద్రం మీదో ఉంటుంది. ఎప్పుడూ ఒకటి శత్రువు నెత్తిమీద ఉండాలంటే వందల కొద్దీ పంపాలి. పోనీ గుట్టుగా పంపుదామా అంటే, అక్కడ దాక్కోవడానికి చెట్టూ చేమా లేవు. పెద్ద టెలిస్కోపు ఉన్న ప్రతివాడికీ కనబడుతుంది.”

అధికారి తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, వర్షం వెలిసేదాకా ఆగినట్టు.

ఆమెకు నీరసం వచ్చింది. ఇలాంటి సమావేశాల్లో నిర్ణయం ముందే అయిపోతుందనీ, తనలాంటి వాళ్లను పిలిచేది ఔనౌనని తలాడించడానికేననీ ఆమెకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

“అసలు మీరు అడగాల్సింది ఇంకొకటుంది సార్. అది మన మాట వినడం మానేస్తే ఏం చేస్తారు?”

అధికారి మొదటిసారి ముందుకు వంగాడు. “చెప్పండి. ఏం చెయ్యాలి?”

“చేసేదేమీ ఉండదు.”

“ఇంకో ఉపగ్రహాన్ని పంపి పట్టుకోలేమా?”

“పట్టు తప్పినది బుద్ధిగా తిరగదు, గిరగిరా దొర్లుతూ పోతుంది. పట్టుకోబోయినదాన్ని కూడా తుక్కు చేస్తుంది.”

“పేల్చేస్తే?”

“ఒక్క పీడ పోయి వెయ్యి పీడలు. ఆ ముక్కలు తూటాల్లా తిరుగుతాయి. తుఫాను కబురు చెప్పేవి, ఫోన్లు కలిపేవి, దేన్నీ బతకనివ్వవు.”

డైరెక్టరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “ఒక్క ఐదు నిమిషాలు సార్,” అని, ఆమె మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాడు.

మంచినీళ్ల యంత్రం దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఆయన కాగితం గ్లాసు నింపుకున్నాడు గానీ తాగలేదు.

“అమ్మాయ్, ఏదో ఒక దారి ఉందని చెప్పవే. దించడానికి ఒక్క దారి. నీ బుర్రకి తట్టకుండా పోతుందా?”

“నువ్వేనా మామయ్యా ఈ మాట అనేది? ఆయనంటే భయమా?”

“భయమేనే.”

అంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. గొంతు తగ్గించింది.

“ఒక్కసారి ఆలోచించు. దించొచ్చని నేనన్నాననుకో, రేపీపాటికి పంపడానికి ముహూర్తం పెట్టేస్తారు. దించలేమంటేనే ఆగుతారు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నిజంగానే దారి లేదు.”

“బాగా ఆలోచించావా?”

“వారం రోజులుగా నిద్ర లేదు. అన్నీ చూశాను. లేదంతే.”

ఆయన చేతిలో గ్లాసు నలిగిపోయింది. నీళ్లు బూట్ల మీద పడ్డాయి. చూసుకోలేదు.

లోపలికి వచ్చేసరికి అధికారి కిటికీ దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“పోనీ, దానంతటదే పడనిద్దాం. పాత ఉపగ్రహాలన్నీ గాలి రాపిడికి కాలి బూడిదైపోతాయి కదా?”

“మామూలువి కాలిపోతాయి సార్. కాలిపోయే ఆయుధాన్ని ఎవరు చేయించుకుంటారు? నిప్పుల్లోంచి కూడా చెక్కుచెదరకుండా నేలను కొట్టాలనే కదా దాన్ని చేసేది! అలాగే కొడుతుంది.”

“ఎక్కడ కొడుతుందో ముందే చెప్పగలరా? ఊళ్లు ఖాళీ చేయించవచ్చు.”

“పడబోయే ముందుదాకా ఎవరూ చెప్పలేరు. సముద్రంలో పడొచ్చు, బడి మీద పడొచ్చు. మన మీదే పడొచ్చు. మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో దానికేం తెలుసు?”

అధికారి నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఇంతసేపూ రాయిలా కూర్చున్న మనిషి, టోపీ తీసేసరికి ఇంట్లో బిడ్డ జబ్బుపడ్డ తండ్రిలా కనిపించాడు.

“అంటే, మన చేతుల్లో ఏమీ లేదంటారు.”

“ఏమీ లేదు సార్.”

ఆమె గుండె తేలికపడింది. గోడకి చెప్పుకుంటున్నాననుకుంది ఇందాకటిదాకా. గోడ కదిలింది. ఒక్క మనిషి మాటతో ఇంత పెద్ద ముప్పు తప్పుతుందని ఎవరైనా చెబితే పొద్దున నమ్మి ఉండేది కాదు.

మేనమామ తల దించుకునే ఉన్నాడు. పాపం, ఆశపడ్డ పథకం చేజారిందని కుమిలిపోతున్నాడనుకుంది. ఆఫీసు మర్యాద పక్కనపెట్టి ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

“మామయ్యా, ఇవాళ నా మీద కోపంగానే ఉంటుంది. కానీ దాన్ని పైకి పంపనందుకు రేపు నువ్వే సంతోషిస్తావు.”

ఆయన తలెత్తాడు. కళ్లనిండా నీళ్లు.

“వేరే పేరు చెప్పి పోయినేడే పంపేశామే తల్లీ. వారమైంది, మా మాట వినడం మానేసి.”