మంచు మీద నీడ

శ్యామసుందర్ నిలబడాలనుకున్న చోటే ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు.

స్పితి కొండల్లో ఎత్తైన కనుమ అది. అంచున మంచు మేట, దాని అవతల లోయ, ఎదురుగా కొండల మీద సాయంత్రపు ఎండ. కాసేపట్లో ఆ వెలుగు పోతుంది.

భిలాయిలో, సుపేలా బజారులో శ్యామసుందర్‌ది ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు ఫోటోలూ తీసి తీసి విసుగెత్తిపోయాడు. జన్మకో మంచి ఫోటో తీయాలని, సీజను అయ్యాక పది రోజులు తీరిక చేసుకుని ఇంత దూరం వచ్చాడు. తీరా వస్తే, ఉన్న ఒక్క మంచి చోటునూ చేతిలో కెమెరా కూడా లేని మనిషి ఆక్రమించుకున్నాడు.

కొంచెం జరగమని హిందీలో అడిగాడు. ఆయన జరగలేదు.

శ్యామసుందర్ తెలుగులో విసుక్కున్నాడు. అది విని ఆయన తలెత్తాడు.

"ఏ ఊరు బాబూ?"

"భిలాయి."

"మాదీ భిలాయే. మరోదా సెక్టారు."

అంత దూరంలో సొంత ఊరి మనిషి కనిపిస్తే ఎవరైనా సంబరపడతారు. శ్యామసుందర్‌కి మాత్రం ఒళ్ళు మండింది. మన ఊరివాడై ఉండీ ఇదేం మొండితనం అనుకున్నాడు.

పక్కనుంచి దూరి అంచుకు వెళ్ళబోయాడు. ఆయన రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఒద్దు బాబూ. కిందకెల్లి తీసుకో."

"ఏం, కొనుక్కున్నారా ఈ జాగా?"

ఆయన పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు. చేతులు దించనూ లేదు.

ఎండ పోతోంది. శ్యామసుందర్ తిట్టుకుంటూ కిందికి దిగి, అక్కడి బండల మీద నుంచి ఫోటో తీసుకున్నాడు. అందులో కూడా ఆయనే, చేతులు చాపుకుని.

ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆయన్ని చెరిపేశాడు. పెళ్ళి ఫోటోల్లో అడ్డొచ్చినవాళ్ళను చెరపడం అతనికి రోజూ ఉన్న పనే. కెమెరా కార్డు ఖాళీ చేసి తర్వాతి పెళ్ళికి వాడేశాడు. ఫోటో పెద్దది చేయించి షాపు అద్దాల్లో పెట్టాడు.

అది చూసి భార్య లక్ష్మీకుమారి, మనిషి లేడు గానీ మంచు మీద ఈ నీడ ఎవరిదని అడిగింది.

మనిషిని చెరిపి, నీడను మరిచిపోయాడు.

సరిచేద్దామని చాలాసార్లు కూర్చున్నాడు కానీ చెయ్యి రాలేదు. చేతులు చాపిన ఆ నీడ తననే ఆపుతున్నట్టుండేది. షాపు మూసేటప్పుడు అటు చూడడం మానేశాడు. భయమేసేది. ఎందుకో అతనికే తెలిసేది కాదు.

చలికాలంలో రోహిణి అనే అమ్మాయి షాపుకొచ్చింది. నాన్న పోయాడు, పెద్దకర్మకు ఫోటో పెద్దది చేసిపెట్టమంది. ఆమె తెచ్చింది స్టీలు ప్లాంటు గేటుపాసు మీది పాత ఫోటో. ఇంతకన్నా కొత్తది లేదా అని అడిగాడు శ్యామసుందర్. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి నాన్న కెమెరా ముందు నిలబడలేదంది.

ఈ ముఖం ఎక్కడ చూశానా అని అతను ఆలోచిస్తుండగానే, ఆమె అద్దాల దగ్గరికి నడిచి ఆగిపోయింది.

"భయ్యా, ఇది మా నాన్న నీడ."

ఆ ఫోటోలో ఆయన ఉండేవాడని, తానే చెరిపేశానని శ్యామసుందర్ ఒప్పుకున్నాడు. చెరపని ఫోటో ఒక్కటిస్తే చాలని ఆమె బతిమాలింది. అది ఇక ఎక్కడా లేదు. అతను తల అడ్డంగా ఊపాడు.

తర్వాత అడిగాడు. "అక్కడికి ఆయన ఎందుకెళ్ళారమ్మా?"

రోహిణి ఆ నీడ మీద చెయ్యి ఆనించింది.

"అన్నయ్య అక్కడికే ఎల్లాడు భయ్యా, ఫోటో తీద్దామని. ఆ అంచున ఉన్నది ఉత్త మంచే, దాని కింద నేల లేదు. అన్నయ్య మాటెత్తితే నాన్నకి గొంతు పెగిలేది కాదు, అందుకే ఏటా ఎల్లి, మంచు ఉన్నన్నాళ్ళూ ఇంకెవురి కొడుకూ అటు అడుగెయ్యకుండా చేతులు చాపి నిలబడేవోడు."