సగానికి మరిగిన నీళ్లు

"ఇగ ఆ గిన్నె దించమ్మా," అన్నాడు నీళ్ల ప్లాంట్ ఇంజినీరు సంకేత్, వంటింట్లోకి వస్తూనే. "కెమికల్స్‌ను పట్టే కొత్త ఫిల్టర్లు చాలూ అయినయ్. మన యాకుత్‌పురా నల్లాకు ఇయ్యాల్టి సంది సాఫ్ నీళ్లే."

"నాకేం ఫికర్ లేదు. మూడేండ్ల సంది మాన్యకు సగమైందాక మరిగించే తాపుతున్న," అంది తల్లి గోద.

"మరిగిస్తే ఆ కెమికల్ పోదమ్మా. నీళ్లే ఆవిరైతయ్."

అనేశాక గానీ 'సగం' అన్న మాట అతని బుర్రకెక్కలేదు. కూతురు మాన్య కిడ్నీ వార్డు నుంచి నిన్ననే ఇంటికొచ్చి, పక్కగదిలో పడుకుని ఉంది.

గోద గిన్నెలోకే చూస్తోంది.

"చారు మరిగి సగమైతే ఉప్పు ఎక్కువైతది గద, సంకేత్?"

అతను పొయ్యి ఆపేశాడు.

"నాయనమ్మా, నీళ్లు!" పిలిచింది మాన్య.

గోద చెయ్యి గ్లాసు దాకా వెళ్లి ఆగిపోయింది.