గుండీల తాత

"మళ్ళీ ఊడిందా?"

టైలరమ్మ అడిగిన తీరుకి కుట్టుమిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళంతా తలలు వంచుకుని నవ్వుకున్నారు.

గుమ్మంలో ముసలాయన కోటు విప్పి, ఊడిన గుండీతో సహా బల్ల మీద పెట్టాడు. "మళ్ళీ ఊడిందమ్మా," అన్నాడు. పైగా తనూ నవ్వాడు.

అదే కోటు, అదే పై గుండీ. రోజూ మధ్యాహ్నం దాన్ని అరచేతిలో పట్టుకొచ్చేవాడు. ఆమె కుట్టేలోగా పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేవాడు. పోతూ పోతూ ఒకటే ప్రశ్న.

"దీపాలు బాగా వెలుగుతున్నాయా అమ్మా?"

పేరు ఎవరూ అడగలేదు. గుండీల తాత అన్నారు, అదే ఖాయమైపోయింది.

టైలరమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. చొక్కా చిరిగినా ఆమె కుట్టిన గుండీ ఊడదని పేరు. ఈయన ఆ కోటుతో వీధంతా తిరుగుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

ఆ రోజైతే అసలే నెత్తి మీద కుంపటి. కొత్త ఆసుపత్రి నర్సుల తెల్ల గౌన్లు మర్నాడు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. మరక కనిపిస్తే మొత్తం వెనక్కి పంపేస్తామన్నారు. ఇది కుదిరితే ఏడాదంతా వాళ్ళ పని ఈ కొట్టుకే.

కిరసనాయిలు దీపాల మసి తెల్లబట్ట మీద పడుతుందనే ఆమె గ్యాసు యంత్రం పెట్టించింది. పెరటి గదిలో ఒక ఇనప పీపా తిరుగుతూ గాలిని పెట్రోలు మీదుగా తోస్తుంది. ఆ గాలే గ్యాసై గొట్టాల్లోంచి వచ్చి దీపాల్లో తెల్లగా వెలుగుతుంది. పొగ లేదు, మసి లేదు.

"బయట గరాటులో పెట్రోలు పొయ్యండి చాలు. దానంతట అదే తిరుగుతుంది. లోపలికి తొంగి చూసే పనే లేదు," అన్నాడు అమ్మిన ఏజెంటు. పీపా మీది పిచ్చుక బొమ్మ కూడా చూపించాడు. "పిచ్చుక గుర్తు కంపెనీ అంటే ఒక్క మనిషే, ఒక్క షెడ్డే. తను చేసిన దీపం ఎక్కడ తగ్గినా ఆయనకి అన్నం సయించదు."

ఏజెంటు మాటలు సగానికి సగం కొట్టిపారేసింది గానీ, యంత్రం మాత్రం ఒక్కనాడూ మొరాయించలేదు.

"తాతగారూ, ఇవాళ కుదరదు. కోటు అక్కడ పెట్టి వెళ్ళండి."

"అలాగే తల్లీ. ఒక్కసారి చేతులు కడుక్కుని..."

"పెరట్లో తెల్లబట్టలు ఆరేశాం. మీ ఇంట్లో నీళ్ళు రావా?"

"ఒక్క నిమిషమేనమ్మా."

"అర నిమిషం కూడా వద్దు. రోజూ ఏమిటండీ ఈ గోల! ఇక రాకండి. మీకూ మీ గుండీకీ ఓ దండం."

ముసలాయన మొహం చిన్నబోయింది. పెరటి తలుపు వైపు చూశాడు. "దీపాలు..." అని ఏదో అనబోయి, చొక్కాతోనే వెళ్ళిపోయాడు.

పక్కనే కాజాలు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది. "పాపం వదినా."

"పాపం లేదు గీపం లేదు. పని చూడవే."

సాయంత్రం దీపాలు వెలిగించారు. కాసేపటికే ఆడపడుచు కళ్ళు నులుముకుంది.

"వదినా, దీపం పచ్చబడిందా, నా కళ్ళేనా?"

అన్ని దీపాలూ పచ్చబడ్డాయి. తర్వాత ఎర్రబడ్డాయి. గౌన్లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

"కిరసనాయిలు దీపాలు తియ్యనా?"

"మసి పడిందంటే మన బతుకులు తెల్లారినట్టే. పద, పెరట్లోకి. ఆ అగ్గిపెట్టె అవతల పారెయ్యవే తల్లీ, అక్కడ పెట్రోలు!"

తలుపు బార్లా తీస్తే మునిమాపు వెలుతురులో గది కనిపించింది. పీపా కదలడం లేదు. తాడుతో వేలాడుతూ తన బరువుతో దాన్ని తిప్పాల్సిన బండరాయి కిందికి దిగి నేల మీద కూర్చుంది.

"దానంతట అదే తిరుగుతుందన్నాడు కదే సచ్చినోడు!"

గోడ పక్కన ఒక ఇనప పిడి ఉంది. చుట్టూ అంతా తుప్పు. పిడి మాత్రం చెయ్యి తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది. టైలరమ్మ రెండు చేతులా పట్టుకుని తిప్పింది. బండ లేచింది. ఆమె భుజాలు పీక్కుపోయాయి. పీపా ఒకసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది.

"వచ్చేసింది!" లోపల్నుంచి అందరూ ఒకటే కేక.

టైలరమ్మ రొప్పుతూ నిలబడింది. "ఈ బండని రోజూ ఎత్తిందెవరే?"

"పెరట్లోకి వచ్చేది మనిద్దరమే. మనం కాక..." ఆడపడుచు మెరుస్తున్న పిడి వైపు చూసింది. "గుండీల తాత!"

టైలరమ్మ గబగబా లోపలికొచ్చి, కోటు తీసి దీపం కింద పట్టుకుంది. గుండీ ఉన్నచోట దారం కొసలు చూసింది. అరిగి తెగిన దారం కాదది, కత్తెరతో కత్తిరించిన దారం.

"నా కుట్టు ఊడలేదే!" అంది ముందు సంబరంగా. ఆ వెంటనే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెరట్లోకి రావడానికి రోజూ తనే కత్తిరించుకున్నాడే పిచ్చిమహారాజు. నేనేమో నోటికొచ్చినట్టు తరిమేశాను."

"మనకెందుకు చేశాడు వదినా? ఆయన మనకేమవుతాడని?"

టైలరమ్మ ఊడిన గుండీని గుడ్డపీలికతో తోమసాగింది. ఎన్నిసార్లు కుట్టినా దాని మొహం ఎప్పుడూ సరిగ్గా చూసింది లేదు. తోమడం అయ్యాక కత్తెర తీసి, కోటుకి మిగిలిన గుండీలన్నీ టకటకా కత్తిరించేసింది.

"అయ్యో, ఇదేం పని!"

"పొద్దున్నే వెళ్ళి చెప్పు. గుండీలన్నీ ఊడిపోయాయట, వెంటనే రమ్మన్నారని."

"పేరైనా తెలీదే! ఇల్లెక్కడని వెతకను?"

"ఏజెంటుని అడుగు," అని టైలరమ్మ తోమిన గుండీని ఆమె అరచేతిలో పెట్టింది. ఇత్తడి మీద రెక్కలు విప్పుకుని ఉంది, పెరట్లో పీపా మీదున్న ఆ పిచ్చుకే.