గొట్టానికి చిల్లు

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి.

ఒక ఇంట్లో పగడాలు పెంచే పెద్ద గాజుతొట్టి, దాని కింద ఇంకో తొట్టి కట్టారు. కింది ఉప్పునీళ్లను మోటారు గొట్టంలోంచి పైకి తోసేది. ఆ గొట్టం కొస పైతొట్టి నీళ్లలో లోతుగా మునిగి ఉండేది. దానికి, నీటి అంచున, చిన్న చిల్లు కనబడింది అక్కడుండే నత్తకి.

"అయ్యో, కారిపోతోంది!" అని దాన్ని మూసి అతుక్కుపోయింది.

ఇంతలో కరెంటు పోయింది, మోటారు ఆగింది. పైనీళ్లు అదే గొట్టంలోంచి కిందికి జారసాగాయి. పైతొట్టిలోని చేపకి వీపు బయటపడింది.

"నత్తత్తా, గట్టిగా పట్టుకో, చచ్చిపోతాను!"

"పట్టుకునే ఉన్నానే! మరి నీళ్లెలా పోతున్నాయి?"

"ఇంకా గట్టిగా!"

పట్టీ పట్టీ సొమ్మసిల్లి నత్త జారిపడింది. చిల్లులోంచి గాలి గుడగుడా గొట్టంలోకి దూరింది. నీళ్లు టక్కున ఆగాయి.

"వదిలేస్తే ఆగిందేమిటే?" అంది నత్త.

"ఏమో అత్తా! నువ్వు మాత్రం మళ్లీ సాయం చెయ్యకు."

ఆ చిల్లు ఎందుకు పెట్టారో అన్నం తింటూ ఆలోచించండి. పొండి, చారు చల్లారిపోతుంది.