రెండుతో పోతుందా?

"రెండుతో పోతే నా మాట, పోకుంటే నీ మాట. మళ్లా ఏడవగూడదు" అన్నాడు దామోదరం, తిరుత్తణి స్టేషన్లో టికెట్ల వరుసలోకి నడుస్తూ.

కాంచన నవ్వు దాచుకుంది.

పెళ్లయినప్పటి నుంచీ ఆదివారం వస్తే ఇదే పందెం. 1981లో టికెట్టంటే చిన్న అట్టముక్క. తేదీ గుద్దిన చోట వేలికి గరుగ్గా తగిలేది. ఇద్దరి టికెట్ల నంబర్లూ కూడాలి. వచ్చింది శేషం లేకుండా రెండుతో పోతే దామోదరం గెలిచినట్టు, పోకుంటే కాంచన. "సరిగ్గా కూడు బావా" అని ఆమె ఆటపట్టించేది. అతను వేళ్లు మడిచి కూడేవాడు, ప్రతిసారీ ఓడేవాడు, "నా రాత" అని నుదురు కొట్టుకునేవాడు. తిరువళ్ళూరులో దిగగానే ఆమెకు మల్లెపూలు, మాట్నీ. వెళ్లేది సీటు నంబర్లు లేని ప్యాసింజరు. పరుగెత్తి ఎక్కిన వాళ్లదే కిటికీ. అదీ ఆమెకే పట్టేవాడు.

ఒకేసారి కొన్న టికెట్లవి పక్కపక్క నంబర్లే. వాటిలో ఒకటి సరి, ఒకటి బేసి. కలిపితే ఎప్పుడూ బేసే. చిన్న తరగతి లెక్క. పాపం, బావకు తట్టలేదు. చెప్పేద్దామనుకునేది, పూలవాసనలో మరచిపోయేది.

ఇవాళ ఆదివారం కాదు, పందెమూ పూలది కాదు. తిరువళ్ళూరులో టీచర్ ట్రైనింగులో చేరడానికి ఇదే ఆఖరు రోజు. "పెండ్లయినాక ఇంగేం చదువు?" అని అత్త రుక్మిణమ్మ పట్టుబట్టింది. టికెట్లకే వదిలేద్దాం, రెండుతో పోతే చదువు మానాలి, పోకుంటే చేరాలి అని దామోదరం అంటే, సామి ఎట్లా చెప్తే అట్లా అని ఆమె ఒప్పుకుని, అక్కడి గుళ్లో వీరరాఘవస్వామిని చూడాలని తనూ బయలుదేరింది.

దామోదరం మూడు టికెట్లు తెచ్చాడు. రుక్మిణమ్మ చేయి చాచి నడుమది లాగేసుకుంది.

"నాది నాకాడ్నే ఉండనీ. నువ్వు యాడన్నా పారేస్తావు."

కాంచన నవ్వు ఆగిపోయింది. అత్త చేతిలోది ఏడుతో ముగిసింది. బావ చేతిలో మిగిలినవి ఆరుతో, ఎనిమిదితో. రెండూ సరి సంఖ్యలే. కలిపితే రెండుతో పోతుంది.

"ఊ, కూడరా" అంది రుక్మిణమ్మ.

కాంచన సర్టిఫికెట్ల సంచిని గుండెకు హత్తుకుంది. దామోదరం వేలు మడవబోయి ఆగాడు. తన చేతిలోవి చూశాడు, తల్లి చేతిలోది చూశాడు.

"అమా, అది నాకిచ్చి ఇది తీసుకో, ఇది కిటికీ పక్క సీటుది."