చప్పుడు చేయని బుడ్డి

పొడిని పరీక్షించిన హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చిన ట్రంకాల్ ముగిసింది. సిద్దిపేట కాలేజీ ల్యాబులో ఫోన్ పెట్టేసి కాశీనాథం భార్య వైపు తిరిగాడు.

“సులోచనా, మన టైటానియం పొడి పనిచేసిందంట. పొడి ఉండబట్టి పెరాక్సైడు ఫినాల్‌ని తారు చెయ్యలే. మనకు కావలసిన సరుకే చేసింది.”

పెళ్లయి నెలన్నరే. ఆ తెల్లపొడి అప్పుడే సులోచనకు ఆడపడుచంత దగ్గరైంది.

“మరి మూడుసార్లు వాడిన పొడి సంగతేంది సారూ?”

“గదే చూడాలె. ఆ బుడ్డిల పెరాక్సైడు పోసి, అండ్ల ఏసి పెట్టిన. పొడి చెడిపోతే పెరాక్సైడు బుసబుసమని వట్టిగ పోతది. మంచిదైతే చప్పుడుండదు.”

అంతలో కరెంటు పోయింది. చీకట్లో బుసబుస వినిపించింది.

సులోచన తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్లింది. టార్చి వేసి, పొడి ఉన్న బుడ్డి దగ్గర చెవి పెట్టింది. నిశ్శబ్దం. పక్క బుడ్డిలో, ఏమీ కలపని ఉత్త పెరాక్సైడులో, బుడగలు లేస్తున్నాయి. టార్చి వెలుగు సూటిగా దాని మీద పడగానే ఆగిపోయాయి.

“అండ్ల ఏమేసిన్రు?”

“ఏం వెయ్యలే. పొద్దటి నుంచి ల్యాబు తాళంచెవి నా జేబులనే ఉన్నది.”

టార్చి ఆర్పింది. మళ్లీ బుసబుస.

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “మనదైతే చప్పుడు చేస్తలేదు గదా?”

“చేస్తలేదు.” చీకట్లోనే అతను నవ్వాడు. “రేపు పొద్దుగాల అదే పొడి నాలుగోసారి వాడుదాం. నువ్వూ రా.”

“వస్త. తలుపు మాత్రం మీరే తియ్యాలె.”