కాలు కింద పెట్టకుండా

"పెట్టినవ్! కాలు కింద పెట్టినవ్ రా! దిగు, మళ్లీ మొదట్నుంచి!"

గుట్ట కింద నిలబడి సవరయ్య అరుస్తున్నాడు. పైన రెండు బండరాళ్ల నడుమ మోటారు బండి ఆపి, కొడుకు షాలేమ్‌రాజు చెమట తుడుచుకుంటున్నాడు. వెనక సీటు మీద ఇసుక బస్తా. అది జారకుండా ఒక పాత చీరతో తన నడుముకు కట్టుకున్నాడు.

అంగన్‌వాడీ నుంచి వస్తున్న ఆరాధన ఆ చీరను గుర్తుపట్టింది. తనదే. ఒళ్లు మండిపోయింది.

"ఏడో నెల కడుపుతోని గింత ఎండల నేనొక్కదాన్నే నడిచి వస్తున్న. మొగుడివి నువ్వేమో గుట్టలెక్కుడు!"

"పందెం ఆగస్టులనే. ఇప్పట్నుంచి నేర్వకపోతే ఎట్ల?" అన్నాడు షాలేమ్‌రాజు.

"ఆగస్టుల నాకు కాన్పు. యాదికుందా?"

అతను బండి వెనక్కి తిప్పుకున్నాడు.

"పెళ్లిల నన్ను కాలు కింద పెట్టనియ్యనన్నవ్. ఇప్పుడు నువ్వే కాలు కింద పెట్టకుండ తిరుగుతున్నవ్!"

సవరయ్యకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. దగ్గరకొచ్చి ఎప్పటిలాగే అడిగాడు. "ఎంతున్నవ్ బిడ్డా ఇయ్యాల?"

అంగన్‌వాడీలో బరువు చూపించుకుని వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. కోడలు ఎంత తింటోందో చూసుకోవడానికి కాకపోతే మామకు ఈ సంగతి దేనికి?

"అరవై ఒక్క కిలోలు. పోయిన నెల యాభై ఎనిమిది. మీ ఇంటి బియ్యం బాగనే వంటపట్టినయ్ మామయ్యా. చాలా?" అనేసి విసవిసా నడిచింది.

ఆ బండి ఇంటికొచ్చి మూడు నెలలైంది. సారపాక మిల్లులో పనిచేసి వెళ్లిపోయిన ఇంజినీరొకాయన ఎప్పుడో వదిలేసినది. బండరాళ్ల మీద నడిపే పందేల కోసం చేసిన పాతకాలం బండి. ఎంత మెల్లగా పోయినా ఫరవాలేదు, కాలు నేలకు తగిలితే మాత్రం మార్కు పోయినట్టే. ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన సవరయ్య, ఆ తుక్కును ఆటోలో వేసుకొచ్చి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, పిస్టన్ నుంచి స్పోకుల దాకా విప్పి బిగించాడు. ఒక్కడే నడిపే బండికి వెనక పొడుగాటి సీటు వెల్డింగ్ చేశాడు. పందెం బండికి వెనక సీటెందుకని ఆమె అడిగితే, "ఈ పందెంల బరువు కట్టుకొని ఎక్కాలె" అన్నాడు షాలేమ్‌రాజు, మొహం తిప్పుకుని.

ఎక్కనీ, పడనీ. ఆమె మంట అసలు బండి మీద కాదు. మూడేళ్ల కిందట, ఆగస్టులో పాప పుట్టినప్పుడు, ఊరి దారిలోని వాగు పొంగింది. చెప్పిన తేదీకి ఇరవై రోజుల ముందే నొప్పులొచ్చాయి. వాగు అవతల అంబులెన్సు, ఇవతల ట్రాక్టర్ తొట్టిలో తను. పైన వాన. పాప ఆ తొట్టిలోనే పుట్టింది. పుట్టాక చాలాసేపు ఏడవలేదు. ఆ తర్వాత ఎవరైనా వాగు పేరెత్తితే చాలు, ఆరాధన పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయేది. దాంతో ఆ ఇంట్లో ఆ మాటే మానేశారు.

మళ్లీ అదే ఆగస్టు వస్తోంది. ఈసారి ఎట్లా అని తండ్రీ కొడుకుల్లో ఒక్కరూ అడగరు. మరిచిపోయారు. మరిచిపోవడం మగవాళ్లకు ఎంత సులువో!

మధ్యాహ్నం పాప బిస్కెట్లు తింటూ వచ్చింది. "అమ్మా, తాత బస్తాల ఇంకింత ఇసుక పోస్తుండు."

"పోసుకోనియ్. ఆల్లిద్దరూ నీకంటె చిన్నపిల్లలు. ఈ బిస్కెట్లు ఎక్కడియే?"

"నాయిన తెచ్చిండు. గుట్ట అవతల, పెద్దరోడ్డు కాడి కొట్ల."

 వాగు తగలకపోయినా, మేకలు తప్ప ఎవరూ ఎక్కని దారి అది. కాలు జారితే ఎముక మిగలదు. బిస్కెట్ల కోసమా ఆ దారిన పడి వెళ్లింది?

అన్నానికి కూర్చున్న సవరయ్య వేళ్లకు ఎర్ర రంగు అంటి ఉంది.

"ఆ చేతులతోనే తింటరా? కడుక్కోరాదుండ్రి."

"కిరసనాయిలుకు గానీ పోదు బిడ్డా."

"ఆ బండి టాంకీకి ఇంకెన్నిసార్లు పూస్తరు రంగు? కొత్త పెళ్లికూతురా అది?"

ఆయన తల వంచుకుని తిన్నాడు. షాలేమ్‌రాజు నీళ్ల గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు. నవ్వుతున్నారు! తనను చూసి నవ్వుతున్నారు!

కాసేపు నడుం వాలుద్దామని పెట్టె తెరిస్తే బొంత లేదు. చనిపోయేముందు అమ్మ కుట్టిచ్చిన బొంత. వెతకాల్సిన పని లేకపోయింది. ఆరాధన నేరుగా పాకలోకి వెళ్లింది. అనుకున్నట్టే, నాలుగు మడతలు పెట్టి బండి వెనక సీటు మీద పరిచి, తాళ్లతో బిగించి ఉంది. దాని మీద చీరతో కట్టిన ఇసుక బస్తా.

 మూలనున్న గడ్డపార అందుకుంది.

షాలేమ్‌రాజు పరుగెత్తుకొచ్చాడు. "ఆగు ఆరాధనా! గంత బరువు లేపొద్దు నువ్వు!"

"నా బరువు సంగతి నీకెందుకు? నేనూ నా బిడ్డా ఆ వాగొడ్డున పోతే, గీ బండెక్కి పందెం గెలుద్దువు తీ!"

మూడేళ్ల తర్వాత వాగు మాట ఆమె నోటనే వచ్చింది. షాలేమ్‌రాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక సవరయ్య, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

ముందు ఆ బస్తా సంగతి చూడాలనుకుంది. చీర ముడి లాగింది. బస్తా సీటు మీంచి జారి, నేల మీద బొర్లాపడి, అవతలి వైపు పైకి తిరిగింది.

గడ్డపార పట్టిన చెయ్యి పట్టినట్టే ఉండిపోయింది.

బస్తా మీద ఎర్రగా అంకెలు. యాభై ఆరు, దాన్ని కొట్టేశారు. యాభై ఎనిమిది, దాన్నీ కొట్టేశారు.

అరవై ఒకటికి రంగు ఇంకా ఆరలేదు.